మేం పోయాక వీడినెవరు చూస్తారు?
(సందేహాలు – సమాధానాలు)

మేధో వైకల్యం ఉన్న పిల్లలు బడిలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఏదో ఒక కదలిక ఉంటుంది. థెరపీ, బస్సు, టీచరు, స్కూల్ డే. పద్దెనిమిదేళ్లు దాటగానే అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పిల్లవాడు టీవీ ముందు, తల్లి వంటింట్లో. ఏళ్లు గడిచిపోతాయి. ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలు బోయిగూడ, ఆ చుట్టుపక్కల బస్తీల నుంచి వచ్చాయి. ఒకటి మాత్రం దూరదేశం నుంచి వచ్చింది, కానీ అదీ ఈ వైపు ఇంటి గురించే. పేర్లు ప్రచురించడం లేదు.

మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. మేధో వైకల్యం, సర్టిఫికెట్‌లో అరవై శాతం అని రాశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. స్నానం నేనే చేయిస్తాను. షర్టు గుండీలు నేనే పెడతాను. అన్నం కలిపి ముద్దలు చేసి ఇస్తే తింటాడు. మంచివాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టడు. ఈమధ్య మా వారికి గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మేం పోయాక వీడినెవరు చూస్తారు? ఇంత వయసొచ్చాక ఇంకేమైనా నేర్చుకుంటాడా? — ఒక తల్లి, బోయిగూడ

నేర్చుకుంటాడమ్మా. ముందు ఒక్క విషయం గుర్తు చేసుకోండి. మీ వారు ఆస్పత్రిలో ఉండి, మీరు ఆయన పక్కన ఉన్నప్పుడు ఇంట్లో మీ అబ్బాయికి గుండీలు ఎవరు పెట్టారు? అన్నం ఎవరు కలిపారు? ఆ నాలుగు రోజుల్లో తనంతట తాను ఏమేం చేశాడో ఇంట్లో ఉన్నవాళ్లని అడిగి రాసుకోండి. తల్లి ఎదురుగా లేనప్పుడు పిల్లలు చేసే పనులు తల్లులకు తెలియవు. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

సర్టిఫికెట్‌లోని అరవై శాతం పింఛనుకు, రాయితీలకు పనికొస్తుంది. వాడు ఏం నేర్చుకోగలడో అది చెప్పదు. ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాయండి: పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏ పని తనే చేస్తున్నాడు, ఏది నోటితో చెబితే చేస్తున్నాడు, ఏది చేయి పట్టి చేయిస్తే చేస్తున్నాడు, ఏది పూర్తిగా మీరే చేసేస్తున్నారు. ఈ రంగంలో పనిచేసే మాలాంటి వాళ్లం చేసే అంచనా కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. మద్రాసులో తయారైన ఎండీపీఎస్ అనే పట్టికలో 18 విభాగాలు, ఒక్కొక్క దాంట్లో 20 చొప్పున 360 పనులు ఉంటాయి. తినడం, కట్టుకోవడం, డబ్బు, సమయం, ఇంటిపని అన్నీ అందులో వస్తాయి. మీకు బోయిన్‌పల్లి దూరం కాదు. అక్కడ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. పాతవాళ్లు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. మీరు రాసిన పుస్తకం తీసుకుని అబ్బాయితో కలిసి ఒకసారి వెళ్లండి. చిన్నపిల్లలకే అనుకుని చాలామంది పెద్దవాళ్లయిన బిడ్డలను అక్కడికి తీసుకెళ్లరు. పెద్దవాళ్లకు వృత్తి శిక్షణ కూడా ఉంది.

ఇక గుండీల సంగతి. రేపటి నుంచి అన్ని గుండీలూ మీరే పెట్టండి, చివరిది మాత్రం వదిలేయండి. అది సగం కాజాలోకి దూర్చి ఉంచి, మిగతా సగం వాడిని లాగనివ్వండి. పని పూర్తయిన ఆనందం వాడిది కావాలి. అది అలవాటయ్యాక చివరి గుండీ మొత్తం వాడికి, తర్వాత చివరి రెండు, ఆపైన మూడు. ఇలా చివర నుంచి మొదటికి రావడంలో ఒక లాభం ఉంది. ప్రతిసారీ పని వాడి చేతిలోనే ముగుస్తుంది. మొదటి గుండీ దగ్గర ఆరంభిస్తే మధ్యలో ఓడిపోయి వదిలేస్తాడు, మీరు పూర్తి చేస్తారు, "నా వల్ల కాదు" అన్నదే వాడికి మిగులుతుంది. మొదట్లో పెద్ద గుండీల షర్టు కొనండి. ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

స్నానం గురించి కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఇరవై రెండేళ్ల మగపిల్లవాడికి తల్లి స్నానం చేయించడం ఈ ఏడాదిలోనే ఆగాలి. ఎవరు బట్టలు విప్పినా ఊరుకోవాలని అలవాటైన మనిషికి రేపు ఎవరైనా తప్పుగా తాకినా అది తప్పని తెలియదు. మీ వారికి ఓపిక ఉన్నంతవరకు ఆయన్ని దగ్గర ఉండమనండి. బకెట్లో వేడినీళ్లు ఎక్కడి దాకా, చన్నీళ్లు ఎక్కడి దాకా అన్నది రంగు టేపు అంటించి గుర్తు పెట్టండి. అందులోనూ ముందు చన్నీళ్లే పోయాలి, వేడి తర్వాత. సబ్బు ఏ వరసలో రుద్దుకోవాలో గోడకు బొమ్మల కార్డు అంటించండి. మొదటి వారాల్లో ఆయన బాత్రూంలో ఉంటారు, తర్వాత గుమ్మం దగ్గర, తర్వాత తలుపు బయట, ఆ తర్వాత హాల్లో కూర్చుని "అయిందా నాన్నా?" అని మాత్రం అంటారు. వీపు సరిగ్గా రుద్దుకోకపోతే రుద్దుకోకపోనివ్వండి. మనలో ఎంతమందిమి రోజూ వీపు బాగా రుద్దుకుంటున్నాం?

మరొకటి. ఏదైనా చెప్పాక నోరు కట్టేసుకుని మనసులో పది లెక్కపెట్టండి. మనం "షర్టు తొడుక్కో, తొడుక్కో, చేయి పెట్టు, ఇటు కాదు, అటు" అని ఊపిరాడకుండా చెబుతూనే ఉంటాం. వాడికి మొదటి మాట అర్థం కావడానికి పట్టే సమయంలో మన ఆరో మాట వచ్చి పడుతుంది. ఆ పది అంకెల నిశ్శబ్దంలో చాలామంది పిల్లలు పని మొదలుపెట్టేస్తారు.

వంటలోకి దింపాలంటే గ్యాసుతో ఆరంభించకండి. కరెంటు రైస్ కుక్కర్ చాలు, అన్నం ఉడికాక దానంతట అదే మీట మారిపోతుంది. గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్లో కుక్కర్ మీదే బొమ్మ గీసి అంటించండి. అన్నం, పెరుగు, పచ్చడి కలుపుకుని తినడం వస్తే మీరు ఒక పూట లేకపోయినా ఆకలితో ఉండడు. చదువు చెప్పించాలనే ఆశతో ఇంకా అ-ఆలు దిద్దిస్తున్న ఇళ్లను చూస్తుంటాను. ఇరవై రెండేళ్ల వయసులో పలక కన్నా కుక్కర్ ముఖ్యం.

అయితే మీరు అడిగిన అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఇవన్నీ నేర్చుకున్నా వాడు పూర్తిగా ఒంటరిగా బతకలేకపోవచ్చు. అందులో ఓటమి ఏమీ లేదు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయనకు పోలియో వల్ల మెడ కింది భాగం దాదాపు కదిలేది కాదు, ఊపిరికి యంత్రం కావాలి, అన్నిటికీ సహాయకులు కావాలి. స్వతంత్ర జీవనం కోసం 1972లో బర్క్‌లీలో మొట్టమొదటి కేంద్రాన్ని స్థాపించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. సహాయం తీసుకుంటూనే తన జీవితం గురించి తాను నిర్ణయించుకోవచ్చని ఆయన నమ్మాడు. 2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒప్పందంలోని 19వ అధికరణం కూడా అదే హక్కును చెబుతుంది: ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు, నలుగురిలో బతికే హక్కు. మీ అబ్బాయికి దీని అర్థం చాలా చిన్నది. ఈ రోజు ఏ షర్టు, ఏ కూర, సాయంత్రం ఎక్కడికి అని మీరు రోజుకు మూడుసార్లు అడగాలి, చెప్పింది చేయనివ్వాలి. ఇరవై రెండేళ్లుగా ఎవరూ ఏమీ అడగని మనిషి, మీరు లేని రోజున తనకేం కావాలో చెప్పలేడు.

ఇక "ఎవరు" అన్న మాట. ఒక్క మనిషి మీద మొత్తం బరువు పెట్టే ఏర్పాటు ఏదీ నిలవదు. పదిమందికి కొంచెం కొంచెంగా తెలిసి ఉండాలి. గల్లీలోని కిరాణం ఆయనకు, జుట్టు కత్తిరించే ఆయనకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు, వారం వారం వెళ్లే గుడిలోనో చర్చిలోనో నలుగురికి వీడి పేరు, అలవాట్లు, కోపం వస్తే ఏం చేయాలో తెలియాలి. అందుకు వాడు రోజూ బయట కనబడాలి. టింబర్ డిపోల వైపు లారీలు తిరుగుతుంటాయి కాబట్టి రోడ్డు దాటడం విడిగా, రద్దీ లేని వేళ, చాలాసార్లు నేర్పించాలి. భయంతో గడప దాటనీయకపోతే ఆ పదిమంది ఎప్పటికీ తయారు కారు.

బయట రాత్రి పడుకోవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ముందు మేనమామ ఇంట్లో ఒక రాత్రి, తర్వాత రెండు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే ఘరౌందా పథకం కింద జీవితాంతం ఉండే గ్రూప్ హోములు, సమర్థ్ పథకం కింద కొద్దికాలం ఉండే వసతి ఉన్నాయి. మీరు ఆరోగ్యంగా ఉండగా వెళ్లి చూడండి, భోజన సమయంలో చెప్పకుండా వెళ్లండి, అక్కడ ఉండేవాళ్లతో మాట్లాడండి. తండ్రి పోయిన పదకొండో రోజున బంధువులు హడావిడిగా ఏదో ఒక హోములో చేర్పించే పరిస్థితి మీ అబ్బాయికి రాకూడదు. ఒకేసారి తల్లీ తండ్రీ ఇల్లూ పోతే ఎంతటి మనిషైనా తట్టుకోలేడు.

మా తమ్ముడికి పాతికేళ్లు. దుకాణానికి వెళ్తాడు గాని డబ్బు లెక్క రాదు. ఐదొందల నోటిచ్చి చిల్లర తీసుకోకుండా వచ్చేస్తాడు. ఎన్నేళ్ల నుంచో కూడికలు నేర్పిస్తున్నాను. రావడం లేదు. — ఒక అక్క, చిలకలగూడ

కూడికలు ఆపేయండి. తీసివేతలు అసలే వద్దు. దుకాణంలో అవసరమైనది ఒక్కటే: అడిగినంతకు తక్కువ కాకుండా ఇవ్వడం.

తమ్ముడి పర్సులో పది రూపాయల నోట్లు మాత్రమే పెట్టండి. "నలభై మూడు" అని వినబడితే నలభైకి నాలుగు నోట్లు, పైన ఇంకొకటి. ఎప్పుడూ ఇంకొకటి. ఐదు నోట్లు ఇచ్చి, చిల్లర కోసం చేయి చాచి నిలబడాలి. ఇరవై అంటే రెండు నోట్లు, యాభై అంటే ఐదు అన్నది మాట వింటే తెలిసేది కాదు కాబట్టి ఒక చిన్న కార్డు మీద 20 పక్కన రెండు నోట్ల బొమ్మ, 50 పక్కన ఐదు నోట్ల బొమ్మ వేసి పర్సులో పెట్టండి. దుకాణం ఆయనకు ముందే చెప్పి, ధర అంకె రాసి చూపించమనండి. ఇది కుదిరాక పెద్ద నోట్లకు వెళ్లొచ్చు. కొత్త నోట్ల రంగులు మనకు మేలు చేశాయి: పది చాక్లెట్ రంగు, ఇరవై పసుపు కలిసిన ఆకుపచ్చ, యాభై నీలం, వంద లేత ఊదా, రెండొందలు ముదురు పసుపు, ఐదొందలు బూడిద. పాత వరస పది, వంద నోట్లు ఇంకా చేతులు మారుతున్నాయి, వాటిని కొన్నాళ్లు మీరే వేరు చేసి తీసేయండి.

ఫోనులో చెల్లించడం కొందరికి నోట్ల కన్నా తేలిక. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ మీలాంటి ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. మీ ఖాతా నుంచే తమ్ముడు చెల్లిస్తాడు. ప్రతి చెల్లింపూ మీరు ఒప్పుకుంటేనే జరిగేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు ఇంత అని హద్దు పెట్టి వదిలేయవచ్చు. ఆ హద్దు నెలకు 15,000, ఒకసారికి 5,000 దాటదు. మీరు ఇంకా తక్కువే పెట్టుకోండి. ఫోను పిన్ నంబరు ఎవరికీ చెప్పకూడదన్నది మాత్రం ఆటలాగా రోజూ ఆడించండి: మీరు అడగండి, వాడు "చెప్పను" అనాలి. అమ్మ అడిగినా, అక్క అడిగినా చెప్పకూడదు.

ఎప్పుడో ఒకసారి మోసపోతాడు. యాభై రూపాయలే పోతాయి. అందుకే మొదట్లో పర్సులో యాభైకి మించి పెట్టవద్దు.

మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. నెలసరి సమయంలో శుభ్రంగా ఉండలేదు. చుట్టాలావిడ ఒకామె గర్భసంచి తీయించేస్తే ఈ బాధ, ఆ భయం రెండూ ఉండవంటోంది. తీయించమంటారా? — ఒక తల్లి, బోయిగూడ

వద్దమ్మా. ఏ డాక్టరు ఒప్పుకున్నా వద్దు.

వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కుల చట్టం 2016లోని 10వ సెక్షన్ ప్రకారం, ఎవరికైనా వారి స్వేచ్ఛాపూర్వకమైన, తెలిసిన అంగీకారం లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్యం చేయకూడదు. 1994లో మహారాష్ట్రలోని శిరూర్‌లో ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న ఆడపిల్లలకు పుణేలో గర్భసంచులు తీయించినప్పుడు దేశమంతా అట్టుడికింది. అప్పుడు చెప్పిన కారణమూ శుభ్రతే. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, మేధో వైకల్యం స్వల్పంగా ఉన్న మహిళ తన గర్భం ఉంచుకుంటానంటే ఆమె మాటే చెల్లాలని తీర్పు చెప్పింది.

చట్టం పక్కన పెట్టినా, ఆ "భయం" పోతుందన్నది నిజం కాదు. గర్భసంచి తీస్తే అత్యాచారం ఆగదు. జరిగినా బయటపడదు, అంతే. నీచుడికి అది మరింత ధైర్యం.

నెలసరి నేర్పించవచ్చు. ప్యాడ్ ఎక్కడ అతికించాలో లోదుస్తు మీద చెరగని పెన్నుతో దాని ఆకారం గీయండి. నెలసరి లేని రోజుల్లోనే ప్యాడ్ పెట్టుకోవడం, తీయడం, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయడం సాధన చేయించండి. ప్యాడ్ మీద కాస్త ఎర్ర రంగు చుక్కలు వేసి "ఇలా కనబడితే మార్చాలి" అని చూపించండి. పొద్దున లేచాక, మధ్యాహ్నం భోజనం ముందు, సాయంత్రం, పడుకునే ముందు అని వేళలు పెడితే "తడిసిందా లేదా" అన్న ఆలోచనే అక్కర్లేదు. క్యాలెండర్‌లో తేదీల చుట్టూ తనతోనే ఎర్ర గీత గీయించండి. రక్తస్రావం మరీ ఎక్కువగా ఉంటే, నొప్పితో మెలికలు తిరుగుతుంటే, దానికి మందులున్నాయి, గైనకాలజిస్టును కలవండి.

శరీర భాగాల పేర్లు నేర్పించండి, సిగ్గుపడకుండా. ఎవరు, ఎప్పుడు, ఎందుకు తాకవచ్చో చెప్పండి. "వద్దు" అని గట్టిగా అరవడం సాధన చేయించండి. ఇంట్లో మీకు నచ్చని సమయంలో "వద్దు" అన్నప్పుడు కూడా ఆ మాటకు విలువివ్వండి, లేకపోతే బయట అనదు. ఏదైనా జరిగితే ఫిర్యాదును ఆమె ఉన్న చోటికే వచ్చి, స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో నమోదు చేయాల్సిన బాధ్యత పోలీసులది. ఇది గుర్తుంచుకోండి.

నమస్తే మేడమ్. నాకు 24 ఏళ్లు. నేను నిదానంగా చదువుతాను, రాస్తాను. నాకు అమీర్‌పేటలో ప్యాకింగ్ పని ఇస్తామన్నారు. అమ్మ రోజూ నాతో రాలేదు. ఒక్కదాన్నే వద్దు అంటుంది. నాకు మెట్రో ఇష్టం. మీరు అమ్మకు చెప్పండి. — బోయిగూడ

మీ ఉత్తరం చాలా బాగుంది. మీరే రాశారని అర్థమైంది. మీకు పని దొరికినందుకు సంతోషం.

మెట్రోలో ఒక్కరే వెళ్లడం నేర్చుకోవచ్చు. ఒక్కరోజులో రాదు. ఇలా చేయండి.

సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో ఎక్కాలి. రాయదుర్గం వైపు వెళ్లే రైలు. తర్వాత వచ్చే స్టేషన్లు వరసగా ఇవి: పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్, రసూల్‌పుర, ప్రకాశ్ నగర్, బేగంపేట, అమీర్‌పేట. ఆరోది మీది. చిన్న కార్డు మీద ఈ పేర్లు రాసుకోండి. ఒక్కొక్కటి దాటగానే వేలితో దాన్ని మూసేయండి. రైల్లో తెలుగులో కూడా చెబుతారు, వినండి. మహిళలకు విడిగా చోటుంటుంది, అక్కడ నిలబడండి.

మొదట అమ్మ మీ పక్కనే ఉంటుంది, కానీ మాట్లాడదు. తర్వాత అమ్మ వెనక దూరంగా నిలబడుతుంది. ఆ తర్వాత అమ్మ ముందే వెళ్లి అమీర్‌పేటలో మీ కోసం ఎదురుచూస్తుంది. చివరికి అమ్మ ఇంట్లో ఉంటుంది, మీరు చేరాక ఫోన్ చేస్తారు. అమీర్‌పేట చాలా పెద్ద స్టేషన్. వేరే రైలు కూడా అక్కడికి వస్తుంది. ఏ మెట్లు దిగాలో చాలాసార్లు చూసుకోండి.

స్టేషన్ దాటిపోతే ఏడవొద్దు. తర్వాతి స్టేషన్లో దిగండి. యూనిఫాం వేసుకున్న మెట్రో ఉద్యోగిని అడగండి. అమ్మ ఉన్నప్పుడే ఒకసారి కావాలని దాటిపోయి, మళ్లీ వెనక్కి రండి. అప్పుడు భయం పోతుంది. అమ్మ నంబరు రాసిన కాగితం బ్యాగులో పెట్టుకోండి. అది యూనిఫాం వాళ్లకే చూపించాలి. రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టడం మీ పని.

కొన్నిసార్లు బస్సులో కూడా రావచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఉచితం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి.

ఇప్పుడు మీ అమ్మగారికి: అమ్మా, మీ భయం నాకు తెలుసు, అది తప్పు కాదు. కానీ మీ అమ్మాయి మీకు చెప్పకుండా వెళ్లలేదు. అనుమతి అడిగింది, ఎవరితో చెప్పించాలో ఆలోచించింది, ఉత్తరం రాసింది. ఇంత తెలివి ఉన్న పిల్ల ఆరు స్టేషన్లు లెక్కపెట్టగలదు. ఫోనులో తను ఎక్కడుందో కనబడేలా పెట్టుకోండి, అయితే ఆ సంగతి తనకు చెప్పి, ఒప్పించి పెట్టుకోండి. పని చేసే చోట మొదటి నెలంతా తోడుండి నేర్పించే మనిషి ఎవరైనా దొరుకుతారేమో యజమానిని అడగండి. వికలాంగులకు ఉద్యోగాలిచ్చే లెమన్ ట్రీ లాంటి హోటళ్లలో పని సాఫీగా సాగడానికి తోటి సిబ్బందికి కూడా శిక్షణ ఇస్తారు.

నేను డాలస్‌లో ఉంటాను. పద్మారావునగర్‌లో అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి. మా అక్కకు ముప్పై ఆరు, మేధో వైకల్యం. నాకు ఇక్కడి పౌరసత్వం వచ్చింది. అక్కకు గార్డియన్‌గా నేనే ఉంటాను, ఇల్లు నా పేరు మీద రాయమంటున్నాను. నాన్న ఏదీ తేల్చడం లేదు. — ఒక తమ్ముడు

మీ మనసు మంచిది. కానీ ఆ ఏర్పాటు చట్టానికీ కుదరదు, అక్క జీవితానికీ కుదరదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులు కూడా తమంతట తాము చట్టపరమైన సంరక్షకులు కారు, దరఖాస్తు చేయాలి. నియమాల ప్రకారం సంరక్షకులు భారత పౌరులై ఉండాలి. స్త్రీకి సంరక్షకుడిగా మగవాళ్లను నియమిస్తే వారి భార్య కూడా సహ సంరక్షకురాలిగా ఉండాలి. నియమితులైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. కాబట్టి ఇక్కడే ఉండే పిన్ని కుటుంబమో, మీ ఇద్దరికీ తెలిసిన దగ్గరి స్నేహితులో ఆ బాధ్యత తీసుకోవడం సరైనది. ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏ మేనేజరైనా కోర్టు కాగితం తెమ్మంటే ఆ మాట గుర్తు చేయండి.

సంరక్షకత్వం అవసరమా అన్నది కూడా ఆలోచించండి. 2016 నాటి వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కుల చట్టం పరిమిత సంరక్షణ అంటుంది: ఏ విషయంలో సాయం కావాలో ఆ విషయానికి మాత్రమే, అదీ ఆ వ్యక్తితో కలిసి నిర్ణయించడం. అక్క తన చీర, తన తిండి, తన స్నేహితులను ఎంచుకుంటుంది గాని ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు అర్థం కావు అనుకుంటే, సాయం ఆ కాగితాల దగ్గరే కావాలి.

ఇల్లు మీ పేరు మీద రాయించుకోవద్దు. మీ ఇద్దరి మధ్య ప్రేమ ఎంతున్నా, రేపు మీ పిల్లలకు అత్త ఎవరో తెలియకపోవచ్చు. ఆస్తి అక్క పేరున ఉండవచ్చు, ఆమెకు ఆ హక్కుంది. లేదా ఆమె మేలు కోసం ట్రస్టు రాసి, ట్రస్టీలు ముగ్గురు ఉండేలా చూడవచ్చు. సంరక్షకులు, ట్రస్టీలు ఒకరే కాకుండా ఉంటే ఒకరి మీద ఒకరికి కన్ను ఉంటుంది. ఈ పని తెలిసిన న్యాయవాదితో నాన్న బతికుండగానే రాయించండి. నేషనల్ ట్రస్ట్ నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు లేవు. అక్కకు లేకపోతే ఈ వారమే చేర్పించండి.

నాన్న తేల్చకపోవడానికి కారణం ఒకటి ఉండొచ్చు. తేల్చడమంటే తన చావును కాగితం మీద రాయడం. ఈ సెలవులకు వచ్చినప్పుడు ఇంటి మాట ఎత్తకండి. అక్కకు ఏం ఇష్టం, దేనికి భయపడుతుంది, ఏ మాత్రలు, ఏ డాక్టరు, పడుకునే ముందు ఏం చేస్తేనే నిద్రపోతుంది అని అమ్మను అడిగి ఒక పుస్తకం రాయండి. అమ్మకు తప్ప ఎవరికీ తెలియని విషయాలు అందులో చాలా ఉంటాయి. ఆ పుస్తకం పూర్తయ్యేలోపు నాన్నే ఇంటి మాట ఎత్తుతారు. మీ అక్కనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరితో ఉండాలనుందో ఆమెను ఇంతవరకు అడిగారా?

నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి ఇరవై ఎనిమిది. ఒక సంస్థలో కవర్లు అంటించే పనికి నెలకు కొంత ఇస్తామన్నారు. పనికి పంపితే మా తర్వాత వచ్చే కుటుంబ పింఛను పోతుందని తోటి పెన్షనర్లు భయపెడుతున్నారు. — బోయిగూడ

పంపండి. మేధో వైకల్యం వల్ల సొంతంగా జీవనోపాధి సంపాదించుకోలేని కొడుకు, కూతురికి పాతికేళ్లు దాటినా జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. 2021లో కేంద్రం ఆదాయ పరిమితిని సవరించింది. అబ్బాయి ఇతర ఆదాయం, అతనికి మామూలు రేటున రాదగిన కుటుంబ పింఛను, దానిపై కరువు భృతి కలిపిన మొత్తాన్ని మించనంత వరకు హక్కు పోదు. కవర్ల కూలీ దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఆ భయంతో ఎంతోమంది బిడ్డలు ఇళ్లలో ఖాళీగా కూర్చున్నారు.

మీరు చేయాల్సింది వేరే ఉంది. వైకల్యం శాశ్వతమని వైద్య ధ్రువపత్రం తీసుకుని, మీరూ మీ ఆవిడా ఉండగానే పీపీఓలో (పింఛను చెల్లింపు ఉత్తర్వులో) అబ్బాయి పేరు చేర్పించండి. మీ తర్వాత అతని తరఫున పింఛను ఎవరు తీసుకోవాలో నామినేషన్ ఇవ్వండి. నామినేషన్ ఉంటే కోర్టు సంరక్షక పత్రం కోసం బ్యాంకు పింఛను ఆపడానికి వీల్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో 4,016 రూపాయలకు పెంచిన వికలాంగుల పింఛనుకు కుటుంబ ఆదాయ నిబంధన వేరే ఉంది, దాన్నీ దీన్నీ కలిపి చూడకండి. మొదటి నెల కూలీ అబ్బాయి చేతికే ఇప్పించండి, ఏం కొనుక్కుంటాడో వాడినే కొనుక్కోనివ్వండి.